పుట్టింటి కొస

జ్యేష్ఠం, సోమవారం

ఈ దినచర్యలో పని సంగతులే రాయాలని డాక్టర్ సౌదామిని గారి ఆజ్ఞ. అలాగే రాస్తాను. మధ్యలో నా గోడు కూడా పడితే ఏరి పక్కన పెట్టుకోండి. నాంచారమ్మ నోరు ఎలాంటిదో మా మెరక ఊళ్ళో అందరికీ తెలుసు, రాసే చెయ్యి మాత్రం వేరేగా ఎందుకుంటుంది?

పొద్దున్నే తడిగదిలో కుండల కింద ఇసుక తడిపాను. ఇంటికో కుండ, వరసలో మూతలు పెట్టి ఉంటాయి. ఎండ బాగా కాసింది కాబట్టి పొయ్యికి కరెంటు ఇచ్చారు. కీళ్ళ జబ్బు మందు కోసం ఒక విడత పెట్టెలు మడిచాను. మడవడమంటే చేత్తో కాదు. సన్నటి పోగులు కలిపిన నీళ్ళు కాచి మెల్లగా చల్లార్చడమే. ఏ పోగు ఏ పోగును పట్టుకోవాలో వాటికే తెలుసు. చల్లారేలోపు కంటికి కనపడనంత చిన్న పెట్టెలై కూర్చుంటాయి, లోపల మందు, పైన తాళం. ఒంట్లోకి ఎక్కించాక జబ్బు కణం తగిలితేనే ఆ తాళం ఊడుతుంది. తొందరపడి చల్లార్చామా, అంతా ముద్దవుతుంది. వంటింట్లో లేని ఓపిక నాకిక్కడ ఎక్కణ్ణుంచి వస్తుందో మా ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు.

మధ్యాహ్నం మాణిక్యం నాకు అన్నం తెచ్చింది. మాణిక్యం నా చెల్లెలు, తోడికోడలు కూడా. మా నాన్న మోకా వారి ఆడపిల్లలిద్దరినీ కొక్కిలిగడ్డ వారి అన్నదమ్ములిద్దరికే ఇచ్చాడు. పెద్దవాడికి నేను, చిన్నవాడు రాఘవులుకి అది. కేరియర్ విప్పుతుంటే దాని గోళ్ళు కనపడ్డాయి.

"ఏంటే, గోరింటాకు పెట్టుకున్నావా నీలం రంగులో?" అన్నాను.

"నేనేం పెట్టుకోలేదక్కా. దానంతటదే వచ్చింది."

నవ్వాను. పీతల పులుసు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక మళ్ళీ దాని చెయ్యి పట్టుకుని చూశాను. ఉప్పుకాటు మొదట గోళ్ళలోనే కనపడుతుంది. మిగతా అన్నం తినలేకపోయాను.

జ్యేష్ఠం, శుక్రవారం

మబ్బు. పొయ్యి వెలగలేదు. పని సంగతి ఇంతే.

ఉప్పుకాటేనని తేలింది. దివిసీమను సముద్రం మింగాక మనకు మిగిలిన పాయల్లో నీళ్ళన్నీ ఇలాగే ఉన్నాయి. పీతల కోసం మోకాళ్ళ లోతు దిగితే చాలు, కాలి మీద ఏదో గీత దగ్గర ఆ జబ్బు లోపలికి పోతుంది. దీనికి పీతల పిచ్చి. ఎన్నిసార్లు చెప్పాను, వింటేనా!

సౌదామిని గారు మా ఇద్దరినీ, రాఘవులునీ కూర్చోబెట్టి చెప్పారు. "కంగారు పడకండి. మందున్న జబ్బే ఇది. కాకపోతే ఒంట్లో ప్రతి కణంలోనూ రాత మార్చేసుకుంటూ పోతుంది. మారకముందు ఎలా ఉండేదో తెలిస్తేనే, ఏది చెడిందో ఏది బాగుందో మన పెట్టెకు తెలుస్తుంది. ఆవిడ పుట్టినప్పటి రాత తీయించండి. భాద్రపదం లోపల మందు ఎక్కిస్తే లేచి తిరుగుతారు. ఆ తర్వాతైతే నేను మాటివ్వలేను."

మెరకలో ఏ బిడ్డ పుట్టినా మొదటి వారంలోనే ఒంటి రాత తీసి, పోగులుగా అల్లి, ఇంటి కుండలో కలుపుతారు. కాబట్టి దీనికి భయపడాల్సిందేముంది? పోయినేడు వేటకెళ్ళే వాళ్ళిద్దరికి ఇదే జబ్బు వస్తే వాళ్ళ కుండలోంచే రాత తీశాం, నేనే పెట్టెలు మడిచాను. ఇద్దరూ ఇప్పుడు సుబ్బరంగా వలలు లాగుతున్నారు.

"చూశావా, ఊరికే ఏడిపించావు నన్ను," అంది మాణిక్యం.

"ఇంకోసారి పాయలో దిగు, కాళ్ళు విరగ్గొడతాను," అన్నాను. ముగ్గురం నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాం.

ఆషాఢం, మంగళవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రాఘవులు ఆనవాయితీ ప్రకారం కుండ మూత తాకి తీశాడు. కోటయ్య బాబాయి గరిటెడు నీళ్ళు చదివే పలక మీద పోశాడు. కోటయ్య బాబాయి ఈ గదిలో తోడు పెట్టే మనిషి, అందరికంటే పాతవాడు. గోడ మీద ఒక్కొక్కరి రాతా వచ్చింది. మావయ్యది వచ్చింది. మా ఆయనది, రాఘవులుది వచ్చాయి. మా అమ్మాయి రేవతిది వచ్చింది. తర్వాత గోడ ఖాళీ అయిపోయింది.

మాణిక్యానిది లేదు. అత్తయ్యది లేదు. నాదీ లేదు.

"ఇదేంటమ్మా, మీ కుండలో కోడళ్ళెవరూ లేరు!" అన్నాడు బాబాయి.

పక్క కుండ తెరిచాం. ఆ పక్కది తెరిచాం. సాయంత్రం ఎండ పోయి పలక ఆరిపోయేదాకా తెరుస్తూనే ఉన్నాం. తాతలున్నారు, కొడుకులున్నారు, పెళ్ళికాని ఆడపిల్లలున్నారు. ఈమధ్యే కాపురానికి వచ్చిన పిల్లలు మసగ్గా ఉన్నారు. పాత కోడలు ఒక్కర్తీ లేదు. పురిటి సారెతో పుట్టింటి కుండలోంచి తెచ్చుకున్న చుక్క తాలూకు జాడ మాత్రం అక్కడక్కడా తళుక్కుమని పోయింది.

ఆషాఢం, బుధవారం

రాత్రంతా బాబాయి నిద్రపోలేదట. పొద్దున్నే వచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయింది.

సంగతి ఇది. తడిలో పోగు ఎక్కువకాలం నిలవదు, తెగిపోతూ ఉంటుంది. అందుకే ప్రతి చైత్రంలోనూ పాత కుండలోంచి ఒక గరిటె తీసి కొత్త కుండలో పోసి, తోడు పెడతాం. పాలకు పెట్టినట్టే. తెల్లారేసరికి కుండంతా ఆ ఇంటి పోగులే. ప్రతి పోగు కొసకీ ఇంటిపేరు గుర్తు ఒకటి అతికించి ఉంటుంది. ఎవరింటి తోడు వాళ్ళింటి కొసనే పట్టుకుంటుంది. వేరే కొసను ముట్టదు.

మరి కోడలి పోగుకి ఏ కొస ఉంటుంది? పుట్టింటి కొస.

పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఏం చేస్తాం? పుట్టింటి కుండలోంచి పిల్ల చుక్క వెండి గిన్నెలో తెచ్చి, అత్తింటి కుండలో పోస్తాం. సన్నాయి గుక్కపట్టి వాయిస్తాడు, తల్లి ఏడుస్తుంది, పోయించుకున్న అత్తగారు కూడా ఏడుస్తుంది. ఇక ఈ పిల్ల మా ఇంటిదైపోయింది అంటారు. మా పెళ్ళిళ్ళలోనూ అలాగే పోశారు. పోస్తే కలిసిపోయినట్టే అనుకున్నాం అందరం. కొస మార్చాలని ఒక్కరికీ తోచలేదు. ఆ తర్వాత ఏటేటా అత్తింటి తోడు అత్తింటి పోగులనే పెంచింది. కోడలి పోగులు గరిటె గరిటెకీ పలచబడి, పలచబడి, పోయాయి. కోడలి రాత ఎవరికీ ఇన్నాళ్ళూ అవసరం పడలేదు కాబట్టి ఎవరూ వెతకలేదు. పోయినేడు జబ్బు చేసిన ఇద్దరూ మగవాళ్ళే.

"కొస మార్చడం ఎంత పని బాబాయ్?" అని అడిగాను.

"ఒక పూట పనమ్మా," అన్నాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నాకు కోపం వస్తే అరుస్తాను. ఈసారి లేచి వెళ్ళి కుండల మూతలు ఒక్కొక్కటీ వేసుకుంటూ వచ్చాను.

ఆషాఢం, శనివారం

అన్నదమ్ములున్న వాళ్ళకు ఫరవాలేదు. పుట్టింటి కుండకు పుట్టింటి తోడు పడుతూనే ఉంటుంది కాబట్టి ఆడపిల్ల రాత అక్కడ పదిలంగా ఉంటుంది. మెరకలో ఆడవాళ్ళందరూ పుట్టిళ్ళకు పరుగులు పెడుతున్నారు. నిన్న ఒకావిడ తమ్ముడి కుండలో తన రాత చూసుకుని ఇక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది. మంచినీళ్ళిచ్చి పంపాను.

మాకు అన్నదమ్ములు లేరు. నాన్న పోయినప్పుడు మోకా వారి ఇల్లు మూసుకుపోయింది. ఇల్లు మూసుకుపోతే ఆ కుండలోంచి ఒక చుక్క పోయినవాళ్ళ నోట్లో పోసి, మిగతాది కుండతో సహా సముద్రంలో కలపాలని ఆనవాయితీ. నేను ఒక పక్క, మాణిక్యం ఒక పక్క పట్టుకుని అలల్లోకి నడిచాం. నాన్న, అమ్మ, వాళ్ళ వెనక వాళ్ళంతా వెళ్ళిపోతున్నారని ఏడ్చాం. వాళ్ళతో పాటు మేము కూడా వెళ్ళిపోతున్నామని మాకేం తెలుసు?

మాణిక్యానికి ఇంకా సగమే చెప్పాను. కుండలో వెతుకుతున్నాం అన్నాను. మోచేతుల దాకా నీలం పాకింది. బిందె ఎత్తలేకపోతోంది. ఎత్తలేకపోతున్నానని చెప్పదు, బిందె బాగా లేదంటుంది.

ఆషాఢం, సోమవారం

ఒక దారి దొరికింది!

మోకా వారి తోడు ఒక సీసాడు ఇంకా మూల అరలో ఉందట. బాబాయి పారేయలేదు. తోడులో ఎవరి రాతా ఉండదు, ఉన్న పోగును పెంచడమే దాని పని. కొక్కిలిగడ్డ వారి కుండలో మోకా కొస ఉన్న పోగులు ఏ రెండో మూడో తెగకుండా మిగిలి ఉన్నా, ఆ తోడు వాటినే పట్టుకుని పెంచుతుంది. కుండంతా పోసి వెతుకుదాం అన్నారు సౌదామిని గారు. ఆవిడ ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్ళైంది!

మధ్యాహ్నం తోడు పెట్టాం. గిన్నె మీద గుడ్డ కప్పి, పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరిగాను. తడిగదిలో ఉల్లిపాయలేంటని ఎవరైనా అడిగితే, ఆ రోజు నా చేతులకు ఏదో ఒక పని కావాలని రాసుకోండి.

రాఘవులు గుమ్మంలోనే నిలబడ్డాడు. "వదినా, తేలుతుందంటావా?"

"తేలుతుంది. మోకా వాళ్ళం అంత తేలిగ్గా పోయేవాళ్ళం కాదు."

ఆషాఢం, మంగళవారం

తోడుకుంది. గిన్నె నిండా పోగులే. పలక మీద పోయగానే గోడ నిండా అక్షరాలు. రాఘవులు నా రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఊపేశాడు. బాబాయి దేవుడికి దండం పెట్టుకున్నాడు.

సౌదామిని గారు చదువుతూ చదువుతూ ఆగిపోయారు. నా వైపు తిరగలేదు.

"నాంచారమ్మగారూ, ఇది మాణిక్యంగారిది కాదండీ."

"మోకా కొసే కదండీ?"

"మోకా కొసే. కానీ రాత మీది."

ఇద్దరం ఒకే ఇంటి పిల్లలం. ఒకే కొసతో, ఒకే కుండలోకి వచ్చాం. ముందు పోసింది నాదే, ముందు పోవాల్సింది నాదే. ఎలా మిగిలానో కాసేపటికి గానీ తట్టలేదు. రేవతిని కన్నాక పుట్టింటినుంచి సారెతో పాటు మరోసారి చుక్క తెచ్చుకున్నాను. బిడ్డతో తిరిగివచ్చే ఆడపిల్లకు అలా ఇచ్చి పంపడం మా వైపు వాడుక. ఆ రెండోసారి పోసింది మిగిలింది. మాణిక్యానికి పిల్లల్లేరు. సారె రాలేదు. రెండోసారి చుక్క రాలేదు.

రాఘవులు బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. నా పేరు గోడ మీద ఇంకా వెలుగుతూనే ఉంది. ఆర్పమని బాబాయి మీద అరిచాను. పాపం, ఆయనేం చేశాడు.

శ్రావణం, గురువారం

అక్కచెల్లెళ్ళ రాతలు చాలాచోట్ల ఒకటేనట. ఏమో, కుదురుతుందేమో అని నా రాత మీద తాళం చేసి పెట్టెలు మడిచాం. ఎప్పుడూ లేనంత మెల్లగా చల్లార్చాను. మాణిక్యం నెత్తురు చుక్క గాజు పళ్ళెంలో వేసి, దాని మీద పోసి చూశాం. చెడ్డ కణం దగ్గరా ఊడాయి, మంచి కణం దగ్గరా ఊడాయి. ఆ మందు ఒంట్లోకి వెళ్తే జబ్బుకంటే ముందు మనిషే పోతుంది.

మళ్ళీ మార్చి మడిచాను. మళ్ళీ అంతే. పొయ్యి కరెంటు అయిపోతే ఇంటినుంచి నిప్పుల కుంపటి తెచ్చాను. సౌదామిని గారు వచ్చి నా చేతిలోంచి గిన్నె తీసుకున్నారు.

"చాలండి," అన్నారు. ఆవిడ కూడా ఏడుస్తున్నారు.

శ్రావణం, శుక్రవారం

ఇవాళ మొత్తం చెప్పేశాను. మంచం పట్టె మీద కూర్చుని, దాని కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని. గట్టిగానే చెప్పాలనుకుని మొదలుపెట్టాను, నాన్న కుండ దగ్గరకొచ్చేసరికి దాని దుప్పటి సర్దుతూ గొణిగాను.

అంతా విని నవ్వింది. "నీ తాళంచెవి నా పెట్టెకి ఎప్పుడు పట్టిందే అక్కా? చిన్నప్పుడు నా రిబ్బన్లు కొట్టేద్దామని ఎన్నిసార్లు చూశావు!"

"నవ్వకే నువ్వు."

"మరి నీది ఎలా మిగిలింది?"

అదొక్కటే చెప్పలేదు. అదే అడిగింది. కిటికీ వైపు చూస్తూ ఏదో నసిగాను.

"నేను సారె తెచ్చుకోలేదుగా," అంది.

నా ప్రాణం చివుక్కుమంది. ఎంతమంది ఎన్ని మాటలన్నారో ఆ విషయంలో దాన్ని, పేరంటాల్లో, పురుళ్ళలో. ఒక్కదానికీ తిరిగి అనేది కాదు. నా కూతురికి తల దువ్వి జడలు వేసి పెంచింది అదే. రేవతి దాన్నే 'అమ్మ' అంటుంది, నన్ను 'నాంచారమ్మా' అని పేరుపెట్టి పిలుస్తుంది, నా వెటకారమంతా ఆ పిల్లకే వచ్చింది. అయినా కుండకు అవేమీ తెలియవు. మాణిక్యం నా మీద కోప్పడితే బాగుండేది. రేవతికి నూనె రాసే టైమైంది, పిలువు అంది. ఆ నీలం చేతులతోనే రాసింది.

శ్రావణం, బుధవారం

వీధి చివర హైమావతి పెళ్ళి. నాకు వెళ్ళాలని లేదు. మాణిక్యమే తరిమింది. "వెళ్ళి చెప్పవే. ఆ పిల్లకి అన్నదమ్ములు లేరు. దాని చుక్కనీ మనలాగే పోయనిస్తావా?"

అప్పగింతల వేళకి వెళ్ళాను. సన్నాయి మోగుతోంది, పిల్ల చేతిలో వెండి గిన్నె, ఎదురుగా అత్తింటి కుండ మూత తీసి ఉంది.

"పోయకండి!" అన్నాను.

పెళ్ళికొడుకు తండ్రి మండిపడ్డాడు. "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఈ అపశకునం మాటలేంటమ్మా? ఊరంతా చేసే పనేగా ఇది!"

"ఊరంతా చేసిందండీ. ఊళ్ళో కోడళ్ళెవరూ మిగల్లేదు. మీ కుండ చదివించండి, మీ ఆవిడ అందులో ఉందేమో చూసుకోండి."

ఆయన భార్య అక్కడే ఉంది. మొగుడి వైపు చూసింది, కుండలోకి చూసింది. సన్నాయి ఆగిపోయింది.

హైమావతి నన్ను అడిగింది. "నేను ఇందులో ఉండనా పిన్నీ?"

"కొన్నాళ్ళు ఉంటావమ్మా. తర్వాత ఉండవు."

ఆ పిల్ల ఏడవలేదు. గిన్నె మీద అరచెయ్యి కప్పుకుని పక్కకు జరిగింది. కోటయ్య బాబాయి పెళ్ళిభోజనం మధ్యలో లేచి, చెయ్యి కడుక్కుని తడిగదికి నడిచాడు. సాయంత్రానికి కొస మార్చి తెచ్చాడు. ఆ తర్వాతే పోశారు. నిజంగానే ఒక పూట పని.

ఇంటికొచ్చి చెబితే మాణిక్యం "పెళ్ళిలో గారెలు ఎలా ఉన్నాయి?" అని అడిగింది. తిననే లేదన్నాను. బాగా తిట్టింది.

శ్రావణం, ఆదివారం

బాబాయి నా పోగులకు కూడా కొస మార్చి కొక్కిలిగడ్డ వారి కుండలో కలిపాడు. నాకొద్దు అన్నాను. చెల్లెలు లేని కుండలో నేనెందుకు? వినలేదు. "నువ్వైనా ఉండాలమ్మా," అన్నాడు.

నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

భాద్రపదం, సోమవారం

మాణిక్యం పోయింది. పొద్దున, ఎండ వచ్చాక. రేవతి దాని తల తన ఒళ్ళో పెట్టుకుని ఉంది. నేను పాదాల దగ్గర ఉన్నాను. జబ్బు చేసినప్పట్నుంచీ అది నా చేత ఒక్క పనీ చేయించుకోలేదు, చివరికి మాత్రం "అక్కా, కాళ్ళు చల్లగా ఉన్నాయి, పట్టుకో," అంది. పట్టుకున్నాను.

ఆనవాయితీ ప్రకారం ఇంటి కుండలోంచి చివరి చుక్క నోట్లో పోయాలి, ఇంటివాళ్ళంతా వెంట ఉన్నట్టు. రాఘవులు తడిగదికి వచ్చి కుండ ముందు నిలబడ్డాడు. మూత మీద చెయ్యి పెట్టి తీయలేకపోయాడు.

"వదినా, ఇందులో అది లేదుగా. ఏం పోయమంటావు? దాని పుట్టింటివాళ్ళెవరున్నారిందులో?"

వాడిని ఓదార్చాల్సింది నేనే. కుండ వైపు చూస్తూ నిలబడ్డాను. బాబాయి కలిపినప్పట్నుంచీ ఆ కుండలో నా రాత ఉందంటే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఇవాళ అలా అనిపించలేదు.

"నేనున్నానుగా రాఘవా," అన్నాను. "పద."

మూత నేనే తీశాను. మొగుడు పోయాలి, లేదా కొడుకు పోయాలి. అక్క పోయడం మెరకలో ఎక్కడా లేదు. ఎవరూ అడ్డం చెప్పలేదు. చెంచాతో పెదవుల మధ్య పోశాను. సగం లోపలికి వెళ్ళింది, సగం పక్కనుంచి కారింది. కొంగుతో తుడిచాను. చిన్నప్పుడు జ్వరమొస్తే దానికి గంజి తాగించేది నేనే, అప్పుడూ సగం ఇలాగే కారేది.

కుండల కింద ఇసుక ఇవాళ తడపలేదు. రేపు తడుపుతాను.